తలుపు తట్టని మనిషి

మా హోటల్లో ఆమెను అందరూ గడియారం అంటారు. చేతికి వాచీ ఉండదు గానీ, గది సర్దడం మొదలుపెట్టిందంటే ఇరవై ఐదు నిమిషాల్లో ముగిస్తుంది. దుప్పట్లు మార్చడం, బాత్‌రూం కడగడం, అద్దం తుడవడం, మంచం కింద ఒకసారి తొంగిచూడడం, అన్నీ అందులోనే. నేను కింద దుప్పట్లూ తువ్వాళ్లూ లెక్కపెట్టి ఇచ్చే గదిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. ఎంతమంది పనిలో చేరారో, ఎంతమంది నడుం పట్టేసి మానేశారో నా కళ్లతో చూశాను. పదకొండేళ్లుగా మానకుండా నిలబడింది ఈవిడొక్కతే. ఎదుటి మనిషిని మెచ్చుకోవడం నాకు చేతకాని పని కాబట్టి ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

రోజుకు పద్నాలుగు గదులు. పొద్దున ఐదున్నరకు ఇల్లు వదిలితే మళ్లీ సాయంత్రం ఐదుకు చేరుతుంది. ఇంట్లో పన్నెండేళ్ల కూతురు. భర్త ఎక్కడో దూరాన రేవులో క్రేన్ నడుపుతాడు, రెండు నెలలకోసారి వచ్చి మూడు రోజులుండి పోతాడు.

"ఆయన కూడా గెస్టే పిన్నీ. తడి తువ్వాలు మంచమ్మీద పారేసే రకం గెస్టు," అని పకపకా నవ్వేది.

నిజానికి ఆ నవ్వే ఆమెను నడిపించేది. గదుల్లో చూసిన వింతలన్నీ పోగుచేసుకుని ఇంటికి పట్టుకెళ్లేది. కట్టుడు పళ్లు టీ కప్పులో మరిచిపోయి, సగం దారిలోంచి మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగొచ్చిన పెద్దాయన ఒకడు. బొద్దింకను చూసి మంచమెక్కి, కిందికి ఫోన్ చేసి కేకలు పెట్టిన వస్తాదు ఒకడు. సాయంత్రం కూతురి గది తలుపు మూడుసార్లు తట్టి, గొంతు మార్చి "గది సర్దమంటారా అండీ?" అనేది. లోపల్నుంచి ఆ పిల్ల "ఆ ఆ, రండి, త్వరగా కానివ్వండి," అని దర్జా ఒలకబోసేది. ఇద్దరూ గది సర్దుతూ, పెద్దాయనలా మాట్లాడుతూ, వస్తాదులా అరుస్తూ, నవ్వి నవ్వి నేల మీద కూలబడేవారట. రోజు మొత్తంలో ఆమెకంటూ దక్కేది ఆ అరగంటే.

గదుల తలుపులకు తగిలించే అట్ట బోర్డులను ఆ మధ్య మా హోటల్ వాళ్లు మార్చారు. లోపల ఉన్నవాళ్లను ఇబ్బంది పెట్టవద్దని రాసి ఉండే బోర్డులు. పాతవి చెత్తలో వేస్తుంటే, పిల్ల ఆడుకుంటుందని ఒకటి ఇంటికి తీసుకెళ్లింది.

తరవాత కూతురి స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు వచ్చింది. పద్నాలుగు గదులూ ముగించి, యూనిఫాం మార్చుకునే తీరిక లేక, అలాగే పరుగెత్తింది. వెనక బెంచీలో చోటు దొరికింది. లెక్కల మాస్టారు మార్కుల గురించి మొదలుపెట్టారు. అంతే, ఆవిడ నిద్రలోకి జారిపోయింది. నోరు తెరిచి, సన్నగా గురక కూడా పెట్టిందట. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. కూతురు లేచి వచ్చి భుజం పట్టి కుదిపి, "అమ్మా, లే, ఇంటికెళ్దాం," అంది. దారిపొడుగునా ఇంకొక్క మాట మాట్లాడలేదు.

మరునాడు సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి కూతురి గది తలుపుకు ఆ బోర్డు వేలాడుతోంది.

వేరే తల్లి అయితే ఏం చేసేది? "ఏమిటే ఈ వేషాలు?" అని తలుపు తోసుకుని లోపలికి పోయేది. గడియారం అలా చెయ్యలేకపోయింది. మా దగ్గర పనిలో చేరిన మొదటి రోజే నేర్పే మాట ఒకటుంది. బోర్డు కనిపిస్తే తలుపు తట్టకూడదు, ట్రాలీ చప్పుడు కూడా కాకుండా ముందుకు సాగిపోవాలి. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా తప్పని మనిషి. తట్టబోయి ఎత్తిన చెయ్యి దానంతటదే దిగిపోయింది. మడతపెట్టిన బట్టలు గుమ్మం దగ్గర ఉంచి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

రెండో రోజూ బోర్డు ఉంది. మూడో రోజూ ఉంది. భోజనాల దగ్గర "తిన్నావా?", "తిన్నా", "హోంవర్కు?", "అయింది". ఒకరోజు ఉండబట్టలేక, "ఇవాళ మూడో అంతస్తులో ఒకాయన..." అని మొదలుపెట్టిందట. "తర్వాత చెబుదువుగాని, పోయి పడుకో అమ్మా," అని పిల్ల లేచి తన గదిలోకి వెళ్లిపోయింది.

అప్పట్నుంచి ఆ వింతలన్నీ నాకు చెప్పడం మొదలుపెట్టింది. నాకేమో నవ్వాల్సిన చోట నవ్వు రాదు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేసి, తువ్వాళ్లు చంకన పెట్టుకుని వెళ్లిపోయేది. ఒక్కో గదికి నలభై నిమిషాలు పట్టసాగింది. పదకొండో రోజున ఏకంగా ఒక గెస్టు మంచం మీద దుప్పటికి బదులు భోజనాల బల్ల గుడ్డ పరిచి వచ్చింది. ఇంక నేను ఊరుకోలేక కూర్చోబెట్టి అడిగాను. అప్పుడు చెప్పింది ఇదంతా.

"నన్ను చూసి సిగ్గుపడింది పిన్నీ. ఫినాయిల్ కంపుతో వెళ్లి అందరి ముందూ గురక పెట్టాను. ఇంక దానికి నేను అక్కర్లేదు. మా ఆయన మొదటిసారి వెళ్లినప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు."

నాకు ఒళ్లు మండింది. "ఇక్కడ బోర్డు తియ్యకుండా ఒక రోజు దాటితే ఏం చేస్తారు?"

"తలుపు తట్టి చూస్తారు, మనిషి బాగున్నాడా లేదా అని."

"మరి నీ కూతురు బోర్డు పెట్టి పదకొండు రోజులైంది. నువ్వెందుకు తట్టలేదు?"

"అది సూపర్వైజర్ పని కదా పిన్నీ," అంది, ఎంతో బుద్ధిగా.

"ఓసి నీ అమాయకత్వం తగలెయ్య! మీ ఇంట్లో సూపర్వైజర్ ఎవరే?"

ఆమె చప్పున లేచి, తువ్వాళ్ల దొంతర ఎత్తుకుని పైకి వెళ్లిపోయింది. ఆ రోజు మిగిలిన రెండు గదులూ ఎలా సర్దిందో గానీ, సాయంత్రం వెళ్లేటప్పుడు నాకు చెప్పను కూడా లేదు.

మరునాడు పొద్దున్నే వచ్చి, దిండు గలీబుల దొంతర పక్కన కూర్చుని, జరిగింది చెప్పింది. ఇంటికి వెళ్లగానే చెప్పులైనా విప్పకుండా బోర్డున్న తలుపు తట్టిందట. రెండోసారి తట్టకముందే తలుపు తెరుచుకుంది. గది అద్దంలా ఉంది. మంచం మీద దుప్పటి నాలుగు మూలలా బిగించి ఉంది, మేం హోటల్లో బిగించినట్టే. నేల తుడిచి ఉంది. కిటికీ అద్దాలు కూడా.

"నా మీద కోపంగా ఉందా? అందరి ముందూ పరువు తీశాననేగా?" అని అడిగింది.

పిల్ల తెల్లబోయి చూసింది. "కోపమా? కూర్చున్నదానివి కూర్చున్నట్టే పడిపోయావమ్మా. నాకు భయమేసింది. బోర్డు పెడితే ఆ పూటకి ఒక గది తప్పినట్టే, బతికిపోయాననిపిస్తుందని నువ్వే చెప్పావుగా ఒకసారి? పద్నాలుగు చేసొచ్చి మళ్లీ నాదొకటి ఎందుకని పెట్టాను. నేనే సర్దుకుంటున్నాను."

ఇంతవరకూ చెప్పి గడియారం కొంగుతో మొహం తుడుచుకుంది. నేను గలీబులు లెక్కపెడుతున్నట్టు నటించాను. మూడుసార్లు లెక్క తప్పింది.

"మరి పిలవొచ్చు కదే నన్ను, అన్నాను పిన్నీ. అలిసిపోయి ఉంటావని పిలవలేదంది. మొదటి రోజు బోర్డు చూసి నేను పగలబడి నవ్వుతాననుకుందట. గొంతు మార్చి ఏదో ఒకటి అంటానని తలుపు వెనకాలే నిలబడిందట. నేనేమో బట్టలు పెట్టేసి వెళ్లిపోయాను."

"ఒక్కరోజేగా, పోనీలే," అన్నాను.

"నేనూ అదే అడిగాను. ఆ ఒక్కరోజేనా నిలబడ్డావు, అని."

"ఏమంది?"

"రోజూ అమ్మా, నువ్వొచ్చే టైముకి, అంది."