శాంత పులి, ఆనందం మేకలు

సిరిసిల్ల నేతగాళ్ల వాడలో ఎవరింట్లో మగమనిషి ఉన్నాడో లేడో తెలుసుకోవడానికి తలుపు తట్టనక్కరలేదు. మగ్గం చప్పుడు వింటే చాలు. ఎవరి దెబ్బ ఎలా పడుతుందో వాడకంతటికీ తెలుసు. పొద్దుగూకి దీపాలు పెట్టేదాకా మగ్గాలు ఆడుతూనే ఉండాలి. ఆడని మగ్గం గురించి పది నోళ్లు మాట్లాడతాయి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆ చప్పుడులోనే పెరిగిన శాంత, సరిగ్గా ఆ సంగతే మరిచిపోయింది. మొగుణ్ణి కాపాడుకునే హడావిడిలో ఎవరికైనా అలాగే అవుతుంది మరి.

ఆమె మొగుడు ఆనందం మంచి నేతగాడు. నోటిపని చేతిపనికంటే కాస్త ఎక్కువే. దీపాలు పెట్టాక హోటల్ కాడ కూర్చుని, చాయ్ చల్లారేలోగా నలుగురినీ నవ్వించకపోతే అతనికి తిన్నది అరిగేది కాదు. అవి ఈ వైపంతా కల్లోలిత ప్రాంతమని సర్కారు చాటింపు వేసిన రోజులు. నలుగురు గుమిగూడితే ఐదో మనిషిగా పోలీసు జీపు వచ్చేది. ఆనందం ఏ సంఘంలోనూ లేడు, ఎవరి జెండా మోయలేదు. కోరుట్లలో మేనమామ కూతురి పెండ్లికి పోయి జగిత్యాల మీదుగా తిరిగి వస్తుంటే బస్సు ఆపి దించారు. ఎవరినో అనుకుని ఇతన్ని పట్టుకున్నారట. పొరపాటని తేలేసరికి పెండ్లిబట్టలు ఒంటి మీదనే చినిగిపోయాయి. ఏ ఠాణాలో పెట్టారో, ఏం చేశారో అతను భార్యకు కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చింది మాత్రం వేరే మనిషి. నవ్వు పోయింది, మాట పోయింది. జీపు చప్పుడు వినబడితే మగ్గం మీద దారం నడిపే నాడె చేతిలోంచి జారిపోయేది. పొద్దు వాలుతుంటే మరీ పాడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడు ఉన్నట్టుండి లేచి చెప్పులు వేసుకునేవాడు.

"ఏడికి వోతున్నవ్, పొద్దుగూకంగ?"

"ఇంట్ల ఊపిరాడ్తలేదే. జరసేపు హోటల్ కాడ కూసొనొస్త."

శాంత గడపదాకా వెంట నడిచేది. ఆ హోటల్ బల్లల మీద నుంచే ఆ నెలలో ఇద్దర్ని ఎత్తుకుపోయారు. ఒకసారి పేరు ఎక్కినవాణ్ణి రెండోసారి పట్టుకుంటే మళ్లీ ఇంటికి పంపరని వాడంతా గుసగుసలు. అతను తిరిగి వచ్చేదాకా ఆమె కండెలు చుట్టే రాట్నం ముందు కూర్చునేదే గానీ, చేతికి దారం ఎక్కేది కాదు. ఎలాగైనా సాయంత్రాలు ఇతన్ని గడప లోపల కూర్చోబెట్టాలి. ఎలా? పోవద్దంటే వినే రకం కాదు. ఏడిస్తే ఇంకా తొందరగా లేచిపోతాడు.

ఆట పెడితే కూర్చుంటాడేమో అనిపించింది ఆమెకు. నవ్వకండి, మునిగిపోయేవాడికి గడ్డిపోచ కూడా దుంగలాగే కనబడుతుంది.

మొదట అష్టాచెమ్మ గీసింది. అది నలుగురుంటే ఆట, ఇద్దరుంటే గవ్వలు విసిరే పని. ఒకరు వేయడం, ఒకరు చూడటం, అంతే. నాలుగు పందేలకే ఆనందం కళ్లు వాకిలి వైపు తిరిగాయి. పక్కింటివాళ్లను పిలిచి నలుగురిని చేద్దామంటే, ఆ నలుగురి కోసం మళ్లీ జీపు వస్తుందేమోనన్న భయం. రెండో రోజు వామనగుంటల పీట దించింది. అది ఇద్దరి ఆటే, కాదనలేం. కానీ గింజలు పంచుతూ పోతుంటే చేతులకే పని, మనసుకు లేదు. అతని మనసు ఎక్కడెక్కడో తిరిగి, తిరగకూడని చోటికే పోయేది. "ఆడోళ్ల ఆట నాకెందుకే" అని మూడో నాడు లేచిపోయాడు. ఇద్దరికి సరిపోయే ఆటంటే ఇద్దరు కూర్చోగలిగితే చాలదని అప్పుడర్థమైంది శాంతకు. ఎదుటి మనిషి ఎత్తు ఏమిటా అని కనిపెట్టుకుని ఉండాలి. ఇక బయటి సంగతి తలుచుకోవడానికి తీరిక దొరకొద్దు.

అమ్మమ్మగారి ఊరు గంభీరావుపేటలో తాత నేర్పిన పులి-మేక గుర్తొచ్చింది. మగ్గం పక్కన నేల మీద సుద్దతో గీతలు గీసింది. మేకలకు చింతగింజలు, పులులకు విరిగిన కండె ముక్కలు మూడు. మగమహారాజు కదా, పులులు తనవేనన్నాడు ఆనందం. శాంత మేకలు పట్టింది. ఆట కుదిరింది. అతను హోటల్ మాటే ఎత్తలేదు. లోలోపల మొక్కుకుంటూ శాంత ఒక్కో మేకనూ పేర్చుకుంటూ వచ్చి, చివరి పులికి అడుగు తీసి అడుగు వేసే చోటు లేకుండా కట్టేసింది.

"చిక్కింది నీ పులి" అంటూ తలెత్తి చూస్తే అతని మొహం పాలిపోయి ఉంది. కదలలేని ఆ కండె ముక్కనే చూస్తున్నాడు. నుదుటి మీద చెమట. ఒక్కసారిగా అరచేత్తో అన్నీ చెరిపేసి, గోడకు ఆనుకుని, మోకాళ్లు కడుపులోకి ముడుచుకున్నాడు. చింతగింజలు మగ్గం గుంతలోకి దొర్లిపోయాయి.

శాంత తనను తాను తిట్టుకుంది. వాళ్లు బంధించి పంపిన మనిషిని తానూ బంధించింది. ఆట మానేద్దామనుకుంది కూడా. కానీ అంతసేపు అతను వాకిలి వైపు చూడలేదన్న సంగతి ఆమెను వదల్లేదు. మరుసటి సాయంత్రం మళ్లీ గీసి, చింతగింజలన్నీ అతని ముందుకు తోసింది.

"ఇయ్యాల పులి నాది. ఇగనుంచి నాదే."

అతను గింజలు దగ్గరికి లాక్కున్నాడు. మేకలు పట్టాడు. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం శాంత పులిగా తిరగడం, ఆనందం మేకలను పోగుచేసి ఆమెను కట్టేయడం. కావాలని ఓడిపోదామని చూస్తే ఒప్పుకునేవాడు కాదు. "తెల్వనట్టు ఆడకు. సరిగ్గ ఆడు" అనేవాడు. అందుకని ఆమె దొరికిన మేకనల్లా తినేది. అతను ఉడుక్కునేవాడు. ఆ ఉడుక్కోవడం చూసి శాంతకు కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఉడుక్కునే మనిషి ఇంకా బతికున్నట్టే కదా.

ఈ సంబరంలో మగ్గం మాట ఎవరికి గుర్తుంటుంది? పొద్దు వాలకముందే మగ్గం ఆగుతోంది. ఇదివరకూ ఆగేది, కానీ అప్పుడు మనిషి హోటల్లో కనబడేవాడు. ఇప్పుడు మగ్గమూ ఆడదు, మనిషీ కనబడడు.

బోరింగు దగ్గర పక్కింటి ముసలమ్మ లసుమవ్వ అడగనే అడిగింది. "ఏం పిల్లా, నీ మొగని మగ్గం ఇనవడ్తలేదు. పొద్దుగూకంగ ఏడికి వోతుండు?"

మొగుడూ పెళ్లామూ పిల్లల్లా నేల మీద గీతలు గీసుకుని ఆడుకుంటున్నారని ఎలా చెబుతుంది? వాడంతా నవ్వుతుంది. శాంతకు సిగ్గు ముంచుకొచ్చింది.

"బజార్కు వోతుండు పెద్దవ్వా" అనేసి బిందె ఎత్తుకుంది.

ఆ ఒక్క మాట ఏ నోట పడి ఎక్కడిదాకా పోయిందో గానీ, వారం తిరగకుండా జీపు వాళ్ల ఇంటి ముందే ఆగింది. ఇంకా పొద్దు పూర్తిగా గూకలేదు. వచ్చిన ఎస్సై ఈ ప్రాంతపు మనిషి కాదు. మాట మెత్తగా ఉంది, దానికే ఎక్కువ భయం వేసింది.

"సాయంత్రాలు ఎక్కడికి వెళ్తున్నావురా? బజార్లో లేవు, హోటల్లో లేవు. మగ్గం మీదా లేవు."

ఇద్దరు కానిస్టేబుళ్లు ఆనందం రెక్కలు పట్టి జీపు పక్కకు తీసుకుపోయారు.

"ఇంట్లనే ఉంటడు సారూ" అంది శాంత. "ఇద్దరం పులి-మేక ఆడుకుంటం."

"బజారుకు వెళ్తాడని నువ్వే చెప్పావట కదమ్మా?"

"సిగ్గయి అట్ల చెప్పిన సారూ." తన నోటి మాటే మొగుడి మెడకు చుట్టుకుందని అప్పుడు తెలిసింది ఆమెకు.

ఎస్సై లోపలికి తొంగిచూశాడు. గీతలున్నాయి, గింజలున్నాయి. అవి ఇప్పుడే పరిచినవి కావని ఎవరు చెప్పాలి? శాంతను గడప దగ్గరే ఆపి గొంతు తగ్గించాడు.

"మీ ఇంట్లో పులి ఎవరు?"

"నేనే సారూ. ఎప్పటికీ నేనే."

అతను జీపు దగ్గరికి నడిచి అదే ప్రశ్న వేశాడు. శాంతకు వినబడటం లేదు. మొగుడి పెదాలే కనబడుతున్నాయి. మగవాడు నలుగురిలో తాను మేకనని ఒప్పుకుంటాడా? పరువు కోసం పులి నేనే అన్నాడంటే అంతా అయిపోయినట్టే. ఆమె దేవుళ్లందరి పేర్లూ మరిచిపోయింది. ఆనందం తల వంచుకుని చెయ్యి చాపి ఆమెను చూపించాడు.

ఒక కానిస్టేబులు ఫక్కున నవ్వాడు. ఎస్సై నవ్వలేదు. ఈసారి గట్టిగానే అడిగాడు. "మగాడివి, మేకలెందుకు పట్టావురా? పులిని కట్టెయ్యడం నేర్చుకుంటున్నావా?"

ఆ ప్రశ్నకు నిజమైన జవాబు ఒక్కటే ఉంది. అది చెప్పే ధైర్యం ఆనందానికి లేదు, అబద్ధమాడే ఓపికా లేదు. అతని మొహం మళ్లీ పాలిపోవడం చూసి శాంత గడప దాటి అరిచింది.

"నాకు లెక్క రాదు సారూ! మేకలు గన్ని ఎట్ల జూసుకోను? పులులంటే మూడే. అందుకనే నాకిచ్చిండు!"

ఎస్సై అతన్ని వదలమని కానిస్టేబుళ్లకు సైగ చేశాడు. నమ్మాడో, విసిగాడో, ఇంకో ఇంటికి పోయే తొందరో తెలియదు. జీపు ఎక్కుతూ అన్నాడు. "మగ్గం చప్పుడు ఆగకూడదు. ఆగితే మళ్లీ వస్తాం."

ఆ మాటతో ఆట ఆగిపోవాలి. ఆట ఆగితే ఆనందం మళ్లీ గడప దాటుతాడు. రాత్రంతా శాంతకు కునుకు లేదు. తెల్లారి అతనే ఉపాయం చెప్పాడు, చాలా రోజుల తర్వాత అతని నోటి నుంచి వచ్చిన పెద్ద మాట అదే.

"నాడె ఏసుడు నీక్కూడ నేర్పుత. ఒకలు ఎత్తు ఆలోచించేటప్పుడు ఇంకొకలు మగ్గం మీద కూసోవాలె."

అలాగే సాగింది. శాంత పులిని జరిపి గుంతలోకి దిగేది, ఆనందం లేచి వచ్చి మేకల ముందు కూర్చునేవాడు. అతని దెబ్బ గట్టిది, ఆమెది మెత్తనిది. వాళ్లు నేసిన బట్టలో ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా పడిందని బట్ట కొనే సేటు గొణుక్కునేవాడు. ఆ బట్టను వెలుగుకు పట్టి చూస్తే ఏ ఎత్తుకు ఎవరెంతసేపు ఆలోచించారో తెలిసేది. వాళ్లిద్దరికే, ఇంకెవరికి తెలుస్తుంది? జీపు వెళ్లినప్పుడల్లా ఎవరి చేతిలో నాడె ఉంటే వాళ్లు గట్టిగా కొట్టేవాళ్లు.

ఏళ్లు గడిచాయి. వాడలోకి కరెంటుతో ఆడే సాంచాలు వచ్చి, చేమగ్గాలు ఒక్కొక్కటిగా ఊడిపోతున్నాయి. ఒక సాయంత్రం శాంత సుద్దతో గీతలు గీసి, అలవాటుగా చింతగింజలు అతని వైపు తోసింది. ఆనందం వాటిని వెనక్కి నెట్టాడు.

"ఇయ్యాల పులి నాకియ్యి."

శాంత చెయ్యి ఆగిపోయింది. "వద్దయ్యా."

"ఇయ్యే. తెల్వనట్టు ఆడకు మల్ల."

ఆమె మేకలు పట్టింది. రెండు పులులు చిక్కాక చివరిదానికి ఒకే దారి మిగిలింది. ఆ దారి మూయాలా? అతను ఆమెనే చూస్తున్నాడు. శాంత గింజను పెట్టింది.

ఆనందం చాలాసేపు చిక్కిన పులిని చూశాడు. వేలితో దాన్ని ఇటు కదిలించబోయాడు, అటు కదిలించబోయాడు. నుదురు పొడిగానే ఉంది.

"కట్టేసినవ్ గదనే" అని నవ్వాడు. హోటల్ కాడ నవ్వే పాత నవ్వు.

అప్పుడు గమనించింది శాంత. మగ్గం మీద ఎవరూ లేరు. చప్పుడు ఎప్పుడు ఆగిందో ఇద్దరికీ తెలియదు. ఆమె లేవబోయింది. ఆనందం ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, మరో ఆటకు చింతగింజలు ఏరడం మొదలుపెట్టాడు.