పసుపు దుమ్ములో చుక్క వెలుగు

ఆర్మూర్‌లో పసుపు కొమ్ములను డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టే నడిపి గంగారాంకు ఇంకో పిచ్చి ఉంది. పొద్దుగూకగానే మిద్దె ఎక్కి, ఆకాశంలో ఒక చుక్క వెలుగును కెమెరాతో కొలిచి అదే చుక్కను చాలామందితో కొలిపించే హైదరాబాద్‌లోని చుక్కల సంఘానికి పంపుతాడు. పసుపు సీజన్ మధ్యలో సంఘం నుంచి ఫోనొచ్చింది.

"అన్నా, మీ కొలతలో చుక్క అందరి కొలతలకన్నా మసకగా వస్తోంది. ఇట్లాగే ఉంటే మీ కొలతలు పక్కన పెట్టేస్తాం."

తప్పెక్కడో గంగారాంకు తట్టింది. చుక్క వెలుగులో గాలి ఎంత మింగుతుందో వానలు కడిగిన రోజుల్లో లెక్కగట్టి, అదే లెక్కను పసుపు దుమ్ము లేచే కాలానికీ వాడాడు.

"డ్రమ్ము బంద్ పెట్టరాదా, నీ సుక్క మెరుస్తది," అంది బీడీలు చుడుతున్న భార్య శోభారాణి.

"డ్రమ్మెందుకు బంద్ పెడ్తనే? దుమ్ము ఎంత తింటున్నదో తెలిస్తే సాలు."

ఆ సాయంత్రం, అసలు వెలుగు ముందే తెలిసిన రెండు చుక్కలను ఎంచుకున్నాడు. ఒకటి నడినెత్తిన, ఒకటి పడమటి అంచున. కింది చుక్క వెలుగు ఎక్కువ గాలిని దాటి రావాలి కాబట్టి ఎక్కువ తగ్గింది. ఆ తేడాతో ఆనాటి గాలి ఎంత మింగిందో తేల్చి, ఆ వాటాను తన చుక్క వెలుగుకు తిరిగి కలిపాడు. అంకె మిగతావాళ్లతో సరిపోయింది.

"ఈ లెక్క రోజూ చేస్తారా అన్నా?" అని సంఘంవాళ్లు అడిగారు.

"గాలి రోజూ మారుతది గద, రోజూ చేస్త. ఇగ నా కొలతలు పక్కకు పెట్టేది లేదు," అన్నాడు గంగారాం.