మగ్గం మీది దుప్పటి

“ఆదివారం పది గంటలకు లైవ్ పెడితేనే ఆడోళ్లు సూస్తారత్తా. పనికి పొయ్యే దినాల్లో చీరలు సూసేది ఎవురు?”

“పది గంటలకు గుడి గంట కొట్టేది ఎవురికే మరి?”

“పాస్టరయ్య వాక్యం సాయంత్రం ఫోన్లో ఇంటాలే. ఫోన్లో దేవుడు ఉండడా?”

“ఆయన యాడైనా ఉంటాడు. నువ్వు ఆడ ఉండల్ల గదా!”

హిందూపురంలో నా కొడుకింట్లో, మొన్న శనివారం పొద్దుగూకే వేళ, నాకూ నా కోడలు సునీతకూ నడిచిన మాటలివి. ధర్మవరం నేతగాళ్ల దగ్గర పట్టుచీరలు తెచ్చి ఫోన్లో చూపించి అమ్ముతుంది. కష్టజీవి, కాదనను. నా కొడుకు ఎవరి పక్కా మాట్లాడలేక కంచం పట్టుకుని మిద్దెక్కినాడు. నేను నా ట్రంకుపెట్టె తెరిచి, మా నాయన తెల్ల నూలుదుప్పటి తీసి, హాల్లో స్టాండుకు వేలాడుతున్న చీరల మీద నిండుగా కప్పినాను. కలరా ఉండల వాసన గుప్పుమంది. దాని కింద గంజివాసన కూడా తగిలింది. ఆ గంజి వాసన నా ముక్కుకే తగిలిందేమో.

ధర్మవరంలో మాది గుంట మగ్గం. కాళ్లు గుంతలో పెట్టుకుని నాయన కూర్చుంటే, నేల మట్టానికి ఆయన నడుం నుంచి పైకే కనిపించేది. వీధి పొడుగునా మగ్గాల టకటకలు, ఎండకు ఆరేసిన పట్టునూలు, గంజి గిన్నెల చుట్టూ మూగే ఈగలు, సందులో చాకలిబండ పక్కన మేము ఆడుకునే గచ్చకాయలు. శనివారం దీపాలు పెట్టే వేళకు నాయన పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెను బయటికి తీసి, పంచె కొంగుతో తుడిచి, బైబిలున్న గూట్లో పెట్టేవాడు. తర్వాత మగ్గం మీద ఈ దుప్పటి కప్పేవాడు. అమ్మ అప్పుడే రేపటికి కూడా సంగటి కెలికి, చెనిగ్గింజల పచ్చడి, ఊరిబిండి, నూరిపెట్టేది. ఆదివారం మా పొయ్యి వెలిగేది కాదు. మజ్జిగలో పిసికిన సద్దిసంగటి తాగి గుడికి పోయేవాళ్లం. గుడి నుంచి వచ్చినాక వీధంతా మగ్గాలు ఆడుతుంటే మా ఇల్లొక్కటే గమ్మున ఉండేది. అమావాస్యకు వీధంతా మగ్గాలు ఆపేవాళ్లు. ఆ దినం మాదొక్కటే ఆడేది. అట్ల రెండు దినాలూ మేము వేరైపోయేవాళ్లం, ఆ దినాల్లో నాతో గచ్చకాయలకు ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

ఒక ఆదివారం, మగ్గం మీద పెళ్లిచీర మూరెడు మిగిలుండగా, నూలిచ్చే శావుకారు గడపలో నిలబడినాడు.

“ఏమప్పా, మీ దేవుడు వారానికొక దినం కూచోబెట్టి కూలి ఇస్తాడా?”

“ఆరు దినాలకు చేతులిచ్చినాడు గదా అన్నా. తెల్లారుజామునే గుంతలోకి దిగుతా.”

సోమవారం పొద్దు నడినెత్తికి రాకముందే చీర ఇచ్చేసినాడు. అయినా శావుకారు మళ్లీ మా ఇంటికి నూలు పంపలేదు. ఆ ఏడు క్రిస్మస్‌కు ఓళిగలు లేవు, కొత్త పావడా లేదు. మూడో తరగతితో నా బడి కూడా అప్పుడే ఆగింది, ఇప్పటికీ బైబిలు కూడబలుక్కునే చదువుతాను. ఎక్కడో ఇంకొకరి దగ్గర నాసిరకం నూలు దొరికి మగ్గం మళ్లీ ఆడినాక, ఒక శనివారం దుప్పటి కప్పబోతున్న నాయన చెయ్యి పట్టుకున్నాను.

“తలుపేసి నేసుకుందాం నాయనా. ఎవురు సూస్తాండారు?”

“ఎవురో సూసేదానికని కప్పల్యా పాపా,” అని కప్పేసినాడు. నా వైపు చూడలేదు. ఆ రాత్రి నేను సంగటి ముట్టకుండా పడుకున్నాను.

పోయిన ఏడాది పెనుకొండలో ఒక పెండ్లికి పోయి, అట్నుంచి ధర్మవరం ఆ వీధికి పోయినాను. గుంతలు పూడ్చి బండలు పరిచినారు. కరెంటు మగ్గాలు అమావాస్యా చూడవు, ఆదివారమూ చూడవు. ఆపి పలకరించేదానికి నాకు తెలిసిన మనిషి ఒక్కరూ కనపడలేదు.

సునీత చీరల మీద దుప్పటి కప్పిన మరుసటి దినం, ఆదివారం గుడి గంట వేళకు నేను చీర కట్టుకుని, బైబిలు సంచి చేత పట్టుకుని హాల్లోకి వచ్చినాను. స్టాండు మీద దుప్పటి లేదు. సునీత దాన్ని మడత ఒక్కటి లేకుండా ఇస్త్రీ చేసి, వెనక గోడకు మేకులు కొట్టి బిగించింది. దాని ముందు మెరూన్ రంగు చీర కొంగు చాపి పట్టుకుని, ఫోన్లో నవ్వుతా మాట్లాడుతోంది. నన్ను చూసి, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి మెల్లగా అనింది:

“తెల్లగుడ్డ మీద జరీ ఎట్ల మెరుస్తాందో సూడత్తా! అప్పుడే శానామంది సూస్తాండారు.”

ఫోన్లో పడకుండా గోడ వారనే నడిచి, చెప్పులు చేత పట్టుకుని బయటికి వచ్చినాను. గుడిలో ఆడవాళ్ల చాప మీద, నా పక్కన సునీత కూర్చునే చోట సంచి పెట్టి కూర్చున్నాను. ఆరాధన అయిందాకా దాన్ని జరపమని ఎవరూ అడగలేదు.