కుడి కంటిది ఎడమ కంటికి

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు కోసి ఫ్రేముల్లో బిగించే ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. పొగరు మాత్రం నలభై ఏళ్ళ సర్వీసంత. పెద్దమ్మకి కొత్త కళ్ళజోడు చేసిన రోజున మేస్త్రి, "ఇలా తే, ఒకసారి మెషీన్ మీద పవరు చూస్తాను" అంటే, "మా పెద్దమ్మది నాకు తెలీదా!" అని పెట్టె మూసేసింది. తెలిసింది ఏముంది, మట్టి! కుడి కంటి పవరు ఎడమకి, ఎడమది కుడికి బిగించింది.

పెద్దమ్మ టైలరు దగ్గర చొక్కాలకి కాజాలు కుట్టేది. తల్లి పోయినప్పటి నుంచీ ఈ పిల్లని పెంచింది ఆవిడే. ఆ కళ్ళజోడు పెట్టుకున్న నాటి నుంచి తలనొప్పి, కాజాలన్నీ వంకర. చొక్కాలు తిరిగొచ్చాయి. ఎవరైనా కళ్ళజోడు మార్చమంటే ఆవిడ విరుచుకుపడేది.

"మా పిల్ల తన చేత్తో చేసింది. తప్పెందుకుంటుంది? నా కళ్ళే పోయాయి."

మూడు వారాలు చూసి, ఇక నా వల్ల కాదని టైలరుకి చెప్పేసి ఇంట్లో కూర్చుంది.

నాలుగో వారంలో స్క్రూ వదులైందని ఆ కళ్ళజోడు దుకాణానికి వచ్చింది. స్క్రూ బిగించి, ఊరికే మెషీన్ మీద పెట్టి చూసిన అమ్మాయికి కుడి ఎడమలు తారుమారైనట్టు కనిపించింది. డాక్టరు చీటీ తీసి చూసింది. మళ్ళీ చూసింది. ఆ రోజు మేస్త్రికి ఇచ్చి ఉంటే ఒక్క నిమిషం పని! తన మీద తనకే ఒళ్ళు మండింది. ఇంతకుముందు తను బిగించిన కళ్ళజోళ్ళన్నీ గుర్తొచ్చాయి. వాటిలో ఎన్ని ఇలా తగలడ్డాయో? కొత్త అద్దాలు కోసి, నాలుగు సార్లు సరిచూసుకుని, అయినా నమ్మకం కుదరక మేస్త్రి చేతిలో పెట్టింది.

ఇంట్లో మాత్రం ఏమీ చెప్పకుండా ఇచ్చేసింది. రెండు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగింది. మూడోనాడు పెద్దమ్మ పక్కింటావిడతో, "ఉత్త స్క్రూ బిగించిందంతే, ఎంత తేడానో! దాని చెయ్యి అలాంటిది" అంటుంటే ఇక భరించలేకపోయింది.

"స్క్రూ కాదు పెద్దమ్మా. నేనే అద్దాలు తారుమారు చేశాను. నీ కళ్ళు బాగానే ఉన్నాయి."

"ఊరుకోవే. నువ్వు తప్పు చేయడమేంటి?"

"చేశానంటున్నానుగా! ఎన్నిసార్లు చెప్పాలి?"

తప్పు ఒప్పుకోవడానికి కూడా ఇంత పోట్లాటా అని ఆ పిల్లకి ఏడుపొచ్చింది. తీసేసిన అద్దాలూ, డాక్టరు చీటీ తెచ్చి ఎదురుగా పెట్టి చూపించింది.

పెద్దమ్మ ఆ అద్దాలు ఒక్కొక్కటే కంటికి పెట్టుకుని చూసింది.

"నెల రోజులు గుడ్డిదాన్నయిపోతున్నానని ఏడ్చానే," అంది చివరికి. "పద. ఈ మాట టైలరు ముందు చెప్పు."

పనివాళ్ళందరూ మిషన్లు ఆపి వింటుంటే అమ్మాయి చెప్పింది. టైలరు ఒక చొక్కా అందించి, "ఏదీ, కుట్టు చూద్దాం అక్కా" అన్నాడు. కాజా గీత గీసినట్టు వచ్చింది.

"రేపట్నుంచి వచ్చెయ్," అని అతను నవ్వాడు. "కళ్ళజోడు మాత్రం ఇంకెప్పుడూ ఈ పిల్ల చేత చేయించుకోకు."

ఆ పిల్లని ఒక్క మాటంటే ఊరుకునే మనిషి కాదు పెద్దమ్మ. అమ్మాయి ఆవిడ వైపే చూస్తూ నిలబడింది.

పెద్దమ్మ దారం కొరికి, "అలాగే" అంది.