మేము అనే మెకానిక్

డాల్బీ అనే ఊరి చుట్టుపక్కల ఏ రైతుకైనా కోత మిషను చేను మధ్యలో ఆగిపోతే ముందు లైల్ షెడ్డుకి ఫోను చేస్తాడు. ఫోను ఎత్తినవాణ్ని "ఎలీ ఉన్నాడా?" అని అడుగుతాడు. ఎలీ అంటే ఎలీసియో పల్మారెస్. షెడ్డు లైల్‌ది, బోర్డు మీద పేరు లైల్‌ది, లాభం సంగతి చెప్పనక్కర్లేదు. పని మాత్రం ఎలీసియోది. ఊళ్లో ఎవర్నడిగినా ఈ మాటే చెబుతారు, ఒక్క ఎలీసియో తప్ప.

అతన్నడిగితే "మేము చేశాం" అంటాడు.

ఎలీసియోది ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో దగ్గర పొతొతాన్. వాళ్ల భాషలో కూడా మనకున్నట్టే మేము వేరు, మనం వేరు. మంచి పనేదైనా చేసి దాని గురించి చెప్పాల్సొస్తే "నేను" అనడం అక్కడ మర్యాద కాదు. కూర అదిరిపోయిందంటే వండినావిడ "ఏదో ఉడకేశాం, తినండి" అంటుంది. నేను, నేను అనేవాణ్ని ఎదురుగా ఎవరూ ఏమీ అనరు. వాడటు వెళ్లగానే కడుపు చెక్కలయ్యేలా నవ్వుకుంటారు. ఎలీసియో తండ్రి చెరుకు లారీలు బాగుచేసేవాడు, ఆయనా జీవితాంతం "మేము" అనే అన్నాడు. షెడ్డులో ఆయన తప్ప ఇంకో మనిషి లేడు, అయినా అంతే.

మర్యాద మంచిదే. కాని అది ప్రతి చోటా చెల్లదు.

లైల్ పెట్టిన స్పాన్సర్ వీసా ఏడాది చివరికి అయిపోతుంది. పెద్ద నగరాలు కాకుండా డాల్బీ లాంటి ఊళ్లలో స్థిరపడేందుకు చేతిపని తెలిసినవాళ్లకిచ్చే వీసా ఇంకోటుంది. అదొస్తే భార్య మిండాని, కూతురు జెసెల్‌ని తెచ్చుకోవచ్చు. కొన్నేళ్లు ఇక్కడే ఉండి పనిచేస్తే ఇక ఎవరూ దేశం వదిలి వెళ్లమనరు. ఎలీసియో కోరుకున్నదల్లా అదొక్కటే. పెళ్లయ్యాక మిండాతో కాపురం చేసిన కాలం కంటే ఫోనులో మాట్లాడిన కాలమే ఎక్కువ. ముందు సౌదీ, తర్వాత డాల్బీ. జెసెల్‌కి తండ్రి అంటే చేతిలో పట్టుకునే ముఖం.

ఇంగ్లీషు పరీక్ష రెండోసారికి గట్టెక్కాడు. వయసుకీ చదువుకీ అనుభవానికీ కలిపి వీసాకి లెక్కేసే పాయింట్లు సరిపోయాయి. రెండే అడ్డంకులు మిగిలాయి. పని వచ్చునని తేల్చే ఆఫీసు ఔనని కాగితం ఇవ్వాలి. నలభై అయిదేళ్లు నిండకముందే వీసాకి దరఖాస్తు పెట్టమని పిలుపు రావాలి. ఆగస్టులో ఎలీసియోకి నలభై అయిదు నిండుతాయి.

ఆ ఆఫీసువాళ్ల మొదటి ఇంటర్వ్యూ ఫిబ్రవరిలో, కంప్యూటర్ తెర మీద జరిగింది. తెల్ల గడ్డం పెద్దమనిషి, మాట మంచిదే. మెకానిక్‌గా పనిచేసి రిటైరయినవాడట.

"ఈ ట్రాక్టరు గేరుబాక్సు ఎవరు విప్పారు?" అని అడిగాడు.

"మేము విప్పాం."

"మేము అంటే?"

"షెడ్డులో వాళ్లం."

"అందులో మీరు చేసిందేమిటి?"

ఎలీసియో సిగ్గుపడ్డాడు. "సాయం చేశాం సార్," అన్నాడు.

పెద్దమనిషి రాసుకున్నాడు. ఇంకా బోలెడు అడిగాడు. ప్రతి దానికీ ఎలీసియో జవాబు సరిగ్గానే చెప్పాడు, ప్రతి జవాబులోనూ పని చేసింది మాత్రం "మేము". ఇంగ్లీషులో ఆ మాటకి ఇల్లూ వాకిలీ లేదు, ఎవరైనా అందులో దూరొచ్చు. నెల తిరిగాక ఫలితం వచ్చింది. అభ్యర్థి ఇతరుల కింద సహాయకుడిగా ఉన్నట్టు కనిపిస్తోంది, సొంతంగా పనిచేసిన ఆధారం లేదు.

సహాయకుడట. ఆ మాట విని లైల్ చేతిలో టీ కప్పు బల్ల మీద ఠక్కున పెట్టి బూతులు తిట్టాడు. ఎలీసియో పత్తి ఏరే మిషను కిందకి దూరి సగంలో వదిలిన పని అందుకున్నాడు. బాధగా ఉందా అని అడిగితే అతనికే తెలియదు. పన్ను పీకించుకునే ముందు మందిస్తే చెంప ఉంటుంది కాని తనది కానట్టుంటుంది చూడండి, అలా ఉంది.

వీసా పనులు చూసే దెలియా దగ్గర్లోని పట్నం తూవూంబాలో ఉంటుంది. ఆవిడా ఇలోయిలో మనిషే. ఇలోయిలో వాళ్ల మాట చాలా మెత్తన, తిడుతున్నా జో కొడుతున్నట్టే ఉంటుంది. ఆ మెత్తని గొంతుతోనే దులిపేసింది.

"నోంగ్ ఎలీ, మీరెళ్లింది పెళ్లి చూపులకి కాదండీ, సిగ్గుపడ్డానికి. ఇంకొక్క అవకాశం ఉంది. ఆగస్టు దాటితే నేనేం చెయ్యలేను, దేవుడూ ఏం చెయ్యలేడు. మొదట్నుంచి చివరిదాకా మీ చేత్తో చేసిన పెద్ద పని ఒకటి చూపించండి. ఫోటోలుండాలి. ఒక్కసారి మేము అన్నారంటే నేను ఫోను పెట్టేస్తాను."

నోంగ్ అంటే అన్నగారు. షెడ్డులో పనిచేసే బొయెట్ కూడా అతన్ని అలాగే పిలుస్తాడు. బొయెట్ వయసులో చిన్న, నోరు పెద్ద. ఎలీసియోయే లైల్‌కి చెప్పి వాణ్ని రప్పించాడు, పని నేర్పాడు. వాడు నిరుడే ఇదే పరీక్షకి వెళ్లి మొదటిసారే నెగ్గుకొచ్చాడు. వీసా కూడా చేతికొచ్చింది. పెళ్లాం, ఇద్దరు పిల్లలు జూన్‌లో దిగుతున్నారు.

ఆదివారం చర్చి అయ్యాక బొయెట్ ఇంటి వెనకాల అందరూ చేరారు. పొయ్యి మీద పంది ఎముకల పులుసు మరుగుతోంది, నూడుల్స్ వేసుకుని తాగే ఇలోయిలో బాచోయ్. బొయెట్ ఆ సాయంత్రమే మొదలెట్టాడు పాఠం.

"ఈ పులుసెవరు కాచారు, నోంగ్?"

"నువ్వు."

"నన్నడిగారనుకో. నేనేమంటాను? నేను కాచాను. చూశావా, ఆకాశమేం విరిగి పడలేదు. ఇప్పుడు నువ్వు చెప్పు. లైల్ కారు బ్రేకులెవరు వేశారు?"

"మేము..."

"పో, వెళ్లి గిన్నెలు కడుగు."

మేము అన్నప్పుడల్లా గిన్నెలు కడగాలని రూలు పెట్టారు. ఆ ఆదివారం అందరి గిన్నెలూ ఎలీసియోయే కడిగాడు. పై ఆదివారం సగం కడిగాడు. ఆ తర్వాత మెల్లగా నాలుక తిరిగింది. "నేను విప్పాను. నేను కొలిచాను. నేను బిగించాను." చెబుతున్నప్పుడు చెవులు ఎర్రబడేవి. పక్కనున్న ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు.

"అబ్బో, ఇదేదో మన ఎలీయేనా? మేయరుగా నిలబడేట్టున్నాడే," అంది ఒకావిడ.

చూపించాల్సిన పెద్ద పని ఏదన్న మాట వచ్చింది. ఎలీసియో తడుముకోకుండా కోత మిషను ఇంజను అన్నాడు. రెండేళ్ల కిందట హెండర్సన్‌ అనే రైతు మిషను ఇంజను మొత్తం దింపి, విప్పి, ఇంజనుకి ఇరుసులాంటి క్రాంకు మార్చి, తిరిగి బిగించి కోతల వేళకి చేలో దించిన పని అది. లైల్ అప్పుడు తుంటి ఆపరేషనై ఆస్పత్రిలో ఉన్నాడు. బొయెట్ వచ్చి నెలన్నా కాలేదు, స్పానర్లు అందించాడు, లైటు పట్టుకున్నాడు, ఫోటోలు తీశాడు.

బొయెట్ పులుసు కలుపుతూ తలెత్తలేదు. "అది వద్దులే నోంగ్. పాతదైపోయింది. పత్తి మిషను చూపించు."

"దానికి ఫోటోల్లేవు కదరా."

"అయినా..." అని ఊరుకున్నాడు.

దెలియా కూడా కోత మిషనే అంది, అంతకన్నా మంచి పని దొరకదంది. ఇక దాని మీద ఎవరూ మాట్లాడలేదు. అప్పుడే బొయెట్ నోరు విప్పి ఉంటే ఎంత బాగుండేది. అంత పెద్ద నోరు, అవసరానికి తెరుచుకోలేదు.

మే నెలలో రెండో ఇంటర్వ్యూ. మళ్లీ ఆ తెల్ల గడ్డం పెద్దమనిషే. లైల్ తన ఆఫీసు గది ఇచ్చి, బయట ఎవరూ చప్పుడు చెయ్యకుండా షెడ్డంతా గంటసేపు ఆపేశాడు. ఎలీసియో ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"ఇంజను దింపిందెవరు?"

"నేను దింపాను."

"క్రాంకు పాడైందని ఎలా తేల్చారు?"

"నేను కొలిచాను." ఎక్కడ కొలిచాడో, ఎంత అరిగిందో చెప్పాడు. పెద్దమనిషి తల ఊపాడు. ముఖంలో సంతోషం కూడా కనిపించింది. మనిషి గట్టివాడే, అప్పుడేదో బెరుకుపడ్డాడు పాపం అనుకున్నట్టుంది. తర్వాత ఫోటోలు ఒక్కొక్కటే తెర మీదకి తెచ్చాడు. మూడో ఫోటో దగ్గర ఆగాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. కాసేపు వేరే ఏవో కాగితాలు తిరగేశాడు.

"మిస్టర్ పల్మారెస్, ఈ ఫోటో నేనిదివరకే చూశాను. మీ షెడ్డు నుంచే ఇంకొకతను ఇదే ఇంజను చూపించాడు. మొత్తం తనే చేశానన్నాడు. పేరు నేను చెప్పకూడదు. ఆ పని ఇద్దరూ ఒంటరిగా చేసి ఉండరు కదా. ఎవరు చేశారు? జాగ్రత్తగా ఆలోచించి చెప్పండి."

ఆ ఆదివారం బొయెట్ ఈ పని ఎందుకు వద్దన్నాడో ఎలీసియోకి అప్పుడు తెలిసింది.

నేను చేశానంటే నిజం చెప్పినట్టు. తన కాగితం తనకొస్తుంది. బొయెట్ కాగితం వెనక్కి తీసుకుంటారు, వీసా పోతుంది, అబద్ధం చెప్పినవాడని మళ్లీ దరఖాస్తు కూడా పెట్టనివ్వరు. అబద్ధమని తేలితే ఇంతవుతుందని దెలియా మొదటిరోజే హెచ్చరించింది. మేము చేశామంటే ఇద్దరికీ ముప్పు. కోపం రావాలి. రాలేదు. భయమూ వెయ్యలేదు. బల్ల మీద లైల్ కప్పు అడుగున టీ మరక గుండ్రంగా కనిపిస్తోంది, దాన్నే చూశాడు. పెద్దమనిషి ఎదురు చూస్తున్నాడు.

"అతనే చేశాడు సార్," అన్నాడు ఎలీసియో. "నేను లైటు పట్టుకున్నాను."

ఈసారి నేను అన్నందుకు చెవులు ఎర్రబడలేదు.

"ఇందాక మీరే కొలిచానన్నారు."

"అతను కొలుస్తుంటే నేను చూశాను."

పెద్దమనిషి చాలాసేపు అతని ముఖంలోకి చూశాడు. ఆయనకి అనుమానం రాకపోదు. కాని చెప్పిన మాట చెప్పిన మాటే, రాసుకోక ఏం చేస్తాడు. థాంక్యూ చెప్పి తెర ఆపేశాడు.

బయట బొయెట్ చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. "మేము అన్లేదు కదా, నోంగ్?"

"లేదు. నేను అనే అన్నాను."

"మరింకేం. నే చెప్పలా?" అన్నాడు బొయెట్. ఏ పని గురించి అడిగారని మాత్రం అడగలేదు. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు. ఎలీసియో చొక్కా మార్చుకుని ట్రాక్టరు దగ్గరికెళ్లాడు, షెడ్డులో మళ్లీ చప్పుడు మొదలైంది.

ఫలితం జూన్‌లో వచ్చింది. మళ్లీ సహాయకుడే. ఇంకోసారి ప్రయత్నించే వ్యవధి లేదు. లైల్ ఈసారి తిట్టలేదు, ఆ రోజంతా ఎలీసియో కంటపడకుండా తిరిగాడు. దెలియా ఫోనులో "ఏమైంది, ఎక్కడ తప్పింది?" అని ఏడ్చినంత పని చేసింది. సరిగ్గా చెప్పలేకపోయామండీ అన్నాడు.

మిండాకి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం, తన గదిలో మంచం అంచున కూర్చుని, దాచకుండా మొత్తం చెప్పాడు. ఫోనులో మిండా వంటింట్లో నిలబడి ఉంది. వెనకాల జెసెల్ జడ వేసుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది. మిండా అన్నీ విని, పొయ్యి మంట తగ్గించి వచ్చింది.

"బొయెట్ వాళ్లావిడ దిగిందా?"

"దిగింది. మొన్న గురువారం."

"పిల్లలు బాగున్నారా?"

"బాగున్నారు. ఇక్కడిప్పుడు చలికాలం కదా, చలంటున్నారు."

మిండా తల ఊపింది. ఇలోయిలో గొంతు కదా, ఎంత మెత్తగా ఉందంటే జెసెల్ కూడా ఇటు తిరిగి చూడలేదు.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు ఎలీ. ఆయనలా అడిగినప్పుడు, నువ్వు జవాబు చెప్పే ముందు, నేనూ పిల్లా నీకు గుర్తొచ్చామా?"

ఎలీసియో ఆలోచించాడు. ఔనని చెప్పొచ్చు. గుర్తొచ్చినా తప్పలేదని చెబితే ఆమెకి కొంత ఊరటగా ఉంటుంది. ఆ వేళ మనసులో టీ మరక ఉంది, తెల్ల గడ్డం ఉంది, జూన్‌లో దిగబోయే బొయెట్ పిల్లలున్నారు.

"రాలేదు," అన్నాడు.

"ఊఁ," అంది మిండా. "నాకూ అంతే. పొద్దుట నుంచి నీ ఫోను వస్తుందనే గుర్తు లేదు." తర్వాత ఆమె కూతురి వైపు తిరిగి, మీ నాన్న డిసెంబరులో వచ్చేస్తున్నాడట, ఆ వెనక గది ఖాళీ చెయ్యాలి అని చెప్పింది. జెసెల్ జడ వేసుకోవడం ఆపి, "ఎన్నాళ్లుంటారు?" అని అడిగింది.