మా ఇంటి నంబరుకు ఉద్యోగాలు అడిగిన వాళ్లు

శాలిబండలో మేమున్న ఇంటి మెట్ల మీద జారిపడి నేను కాలు విరగ్గొట్టుకున్నది ఏ ఏడాదో కచ్చితంగా చెప్పలేను. రెండు వేలు దాటి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. అప్పటికి చాలామంది చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చేశాయి కానీ మా ఇంట్లో ఇంకా ల్యాండ్‌లైనే. డాక్టరు మోకాలి దాకా పిండికట్టు వేసి, నెలన్నర కాలు కింద పెట్టొద్దన్నాడు. మావారు పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సెక్కి వెళ్లిపోయేవారు. పాప స్కూలుకి వెళ్లేది. ఇక పగలంతా ఇంట్లో నేనూ, నా మంచం పక్కకు జరిపించుకున్న ఫోనూ.

నేను రేషన్ కార్డులిచ్చే ఆఫీసులో పనిచేసేదాన్ని. సెలవు పెట్టేటప్పుడు, ఏదైనా ఫైలు దొరక్కపోతే అడుగుతారని మా సూపరింటెండెంటు గారికి ఇంటి నంబరు ఇచ్చి వచ్చాను. కార్డుల కోసం తిరిగేవాళ్లకు కూడా ఆయన నా నంబరు ఇచ్చేస్తారని నాకు తెలుసు. అందుకే మొదటి ఫోను వచ్చినప్పుడు నాకు ఏ అనుమానమూ రాలేదు.

"మేడమ్, లిస్టు అయ్యిందా? నా పేరు వచ్చిందా?" అని ఒక ఆడపిల్ల అడిగింది. గొంతులో బెరుకు.

కొత్త కార్డుల లిస్టు ఆ నెలలోనే తయారవ్వాలి. "ఇంకా కాలేదమ్మా, అవుతోంది. కాగితాలన్నీ ఇచ్చావా?" అన్నాను.

"ఇచ్చిన మేడమ్. ఫీజు ఒక్కటే కట్టేది ఉంది."

"అయితే కట్టేయి మరి. ఫీజు కట్టందే పేరు ఎక్కదు. అన్నీ సరిగా ఉంటే తప్పకుండా వస్తుంది."

"పక్కానా మేడమ్?"

"పక్కా," అన్నాను.

ఆఫీసులో కిటికీ ముందు నిలబడ్డవాళ్లకు రోజూ చెప్పే మాటలే అవి. చెప్పి, చదువుతున్న వారపత్రిక మళ్లీ తెరిచాను. సాయంత్రంలోపు ఇంకో ముగ్గురు చేశారు. ఒకాయన ఉర్దూలో, "మేడమ్, మేరా నామ్ ఆయా క్యా?" అంటే, నాకొచ్చిన రెండు ముక్కల్లో "ఆతా, ఆతా, పంద్రా దిన్" అన్నాను, పదిహేను రోజుల్లో వస్తుందని. ఆయన ఎంతో సంతోషించాడు.

మర్నాడు ఫోన్లు ఎక్కువయ్యాయి. అప్పుడు నాకు కొంచెం తికమక మొదలైంది. ఒకబ్బాయి, "ట్రైనింగ్ ఎక్కడ మేడమ్, బెంగళూరులనా?" అన్నాడు. రేషన్ కార్డుకు ట్రైనింగేమిటి? ఇంకొకావిడ, తన కొడుక్కి చూపు కాస్త తక్కువనీ, అద్దాలు పెట్టుకుంటే ఫరవాలేదా అనీ అడిగింది. ఏమనాలో తెలియక "ఫరవాలేదు" అన్నాను. ఫోను పెట్టాక, దేనికి ఫరవాలేదని చెప్పానో నాకే అర్థం కాలేదు.

మూడో రోజు ఒకతను ఫోన్ చేసి జాయినింగ్ తారీఖు అడిగితే, "బాబూ, అసలు మీరు ఎక్కడికి ఫోన్ చేస్తున్నారు?" అన్నాను. అతను నెట్ సెంటరులోనే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా తెరిచి ఉన్న ఈమెయిల్ చదివి వినిపించాడు. పెద్ద విదేశీ కంపెనీలో కంప్యూటర్ పని. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. మీరు సెలెక్ట్ అయ్యారు, మూడు రోజుల్లో ఈ ఖాతాలో రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, కట్టాక వాపసు ఇస్తాం. కింద ఒక సెల్ నంబరు, దాని కింద 'హైదరాబాద్ ఆఫీసు' అని మరో నంబరు. ఆ రెండో నంబరు ఒక్కో అంకె చదువుతుంటే నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ విన్నాను. మాదే.

"ఇది ఇల్లు బాబూ. ఆఫీసు కాదు. మీరు కట్టకండి," అన్నాను.

"మరి మొన్న మా దోస్తుకు వస్తదని చెప్పిన్రట గద?" అన్నాడతను.



మావారు ఇంటికి రాగానే అంతా చెప్పాను. ఆయన చొక్కా విప్పుతూ విని, "మనకెందుకు? రాంగ్ నంబరని పెట్టేయ్. నాలుగు రోజులు పోతే వాళ్లే మానేస్తారు," అన్నారు. "నేను వస్తుందని చెప్పానండీ," అన్నాను. "తెలియక చెప్పావు," అన్నారాయన. తెలియక చెప్పిన మాట విని ఆ పిల్ల ఫీజు కట్టేసి ఉంటే ఆ తప్పు ఎవరిదవుతుందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ మర్నాటి నుంచి ఫోను ఎత్తగానే "ఇది మోసం, డబ్బు కట్టకండి" అని చెప్పడం మొదలుపెట్టాను. చెప్తే నమ్ముతారనుకున్నాను. కొందరు నమ్మారు. కొందరు తిట్టారు. కొందరైతే, ఉద్యోగాలు తక్కువై కావాలనే వదిలించుకుంటున్నానని అనుకున్నారు. ఒకావిడ గొంతు తగ్గించి, "ఎమ్మెల్యే చిట్టీ తెస్తే అయితదా?" అంది. విసిగిపోయి, "నమ్మకపోతే మా ఇంటికొచ్చి చూసుకోండి. నేను కాలు విరిగి మంచంలో ఉన్నాను," అని అడ్రసు చెప్పేశాను. అలా నలుగురైదుగురికి చెప్పి ఉంటాను. వచ్చింది మాత్రం ఒక్కరే.

ఆదివారం పదకొండు గంటలప్పుడు, ఒక పెద్దాయన ఇరవయ్యేళ్ల కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో తడిగుడ్డ కప్పిన వెదురు గంప. మావారు లోపలికి తీసుకొచ్చారు. మార్కెట్లో పూలు అమ్ముతాడట. గంప నా మంచం కాళ్ల దగ్గర పెట్టి గుడ్డ తీశాడు. పసుపు చామంతులు, గంప నిండా.

నేను "కూర్చోండి" అనగానే ఆ అమ్మాయి తండ్రి చెయ్యి పట్టుకుంది. "ఈ గొంతే బాపు. ఈ మేడమే పక్కా అన్నది."

ఆయన నా వైపు చేతులు జోడించాడు. "మేడమ్, మా బిడ్డ ఇంటర్ చదివింది, కంప్యూటర్ కోర్సు చేసింది. మీరు చెప్పినంకనే పైసలు కట్టినం. ఇప్పుడేమో ఫోన్ చేస్తే ఉద్యోగం లేదంటున్రట. మాతోని ఏం తప్పైంది?"

"మీ తప్పేం లేదండీ. అది దొంగ మెయిలు. నాకూ దానికీ ఏ సంబంధమూ లేదు."

"సంబంధం లేకపోతే మీ నంబరెందుకున్నది మేడమ్?"

"అదే నాకూ తెలియడం లేదు."

"మరి పక్కా అని ఎట్ల చెప్పిన్రు?"

రేషన్ కార్డుల సంగతి చెప్పాను. చెప్తుంటే నా మాటలు నాకే అబద్ధంలా వినిపించాయి. ఆయన ఓపిగ్గా అంతా విని, తల ఊపి, "ఏమన్న తక్కువైతే చెప్పుండ్రి మేడమ్. ఇంకింత కడతం. గట్ల మాత్రం అనకుండ్రి," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కాలు పైకెత్తి పిండికట్టు చూపించాను. ఆఫీసు గుర్తింపు కార్డు తెప్పించి చేతిలో పెట్టాను. ఆ అమ్మాయి కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈమె సర్కారు ఆఫీసే బాపు," అంది. దాంతో ఆయనకు నా మీద గురి ఇంకా పెరిగిపోయింది. సర్కారు మనిషే అయితే ఉద్యోగం వేయించగలదు కదా. పూలు వద్దంటే వినలేదు. వెళ్లేటప్పుడు, కబురు చెప్పడానికని, వాళ్లింటి పక్క కిరాణా కొట్టు ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్లాడు.

ఆ తర్వాత రెండు రోజులకు అతను ఫోన్ చేశాడు. అతనంటే, ఆ మెయిలు పంపినవాడు. మొదట్లో నేను గుర్తుపట్టలేదు.

"అక్కా, నమస్కారం. కాలెలా ఉంది?" అన్నాడు. మా బంధువులెవరో అనుకుని, "ఫరవాలేదు నాయనా, నువ్వెవరు?" అన్నాను.

"మీది గోదావరి వైపా అక్కా? మాట చెప్పేస్తోంది. మాదీ అటే." నవ్వాడు. "మీరు నాకో చిన్న సాయం చెయ్యాలి. ఉద్యోగాల గురించి ఎవరైనా ఫోన్ చేస్తే ఏమీ చెప్పకండి. రాంగ్ నంబరని పెట్టేయండి చాలు."

వాడెవడో అప్పుడు అర్థమైంది; నా కాలి సంగతి నాకు ఫోన్ చేసినవాళ్లే వాడికి చెప్పి ఉంటారు. భయం కంటే, మా ఆయన చెప్పిన మాటే వీడూ చెప్తున్నాడేమిటన్న అయోమయం ఎక్కువ.

"మా నంబరు ఎందుకు వేశావు?" అన్నాను.

"ల్యాండ్‌లైన్ ఉంటే ఆఫీసులా ఉంటుంది కదక్కా. ఏదో ఒకటి వేశాను. అది మోగుతుందని నాకేం తెలుసు?" అంతలోనే, "ఒకప్పుడు ఆ నంబరు మాదే," అన్నాడు. రెంటిలో ఏది నిజమో, అసలు రెండూ అబద్ధమేనో ఇప్పటికీ నాకు తెలియదు.

తిట్టాలనుకున్నాను. తిట్టలేదు. తమ్ముణ్ని బతిమాలినట్టు, "ఒక పూలమ్మే ఆయన కూతురు డబ్బు కట్టింది. వాళ్లది వాళ్లకిచ్చేయి," అన్నాను.

"అయ్యో, పాపం. ఎవరో చెప్పండక్కా, రేపే పంపేస్తాను."

నేను కిరాణా కొట్టు నంబరు చదివి వినిపించాను. అవును, నేనే. దొంగ అని తెలిసి, దొంగతోనే మాట్లాడుతూ, వాడు పాపం అన్న ఒక్క మాటకు కరిగిపోయి, దిండు కింద నుంచి చీటీ తీసి నెమ్మదిగా, తప్పు పోకుండా చదివాను. పెట్టేశాక ఓ మంచి పని చేశాననిపించింది కూడా.

ఆ వారం చివర్లో తండ్రీ కూతుళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి గంప లేదు.

"మేడమ్, మీరు చెప్పిన సార్ ఫోన్ చేసిండు," అన్నాడు ఆయన. "పైసలు వాపస్ ఇస్తడట. కాకపోతే ముందుగాల ఫైలు చార్జి కట్టాలన్నడు. మీ పేరు చెప్పిండు. కాలు విరిగిన మేడమే నంబరిచ్చిందన్నడు."

"కట్టారా?" అని అరిచినంత పని చేశాను.

"నేను కడ్తనన్న. ఈ పిల్లనే వద్దన్నది."

ఆ అమ్మాయి నా కళ్లలోకి సూటిగా చూసింది. "పైసలు వాపస్ ఇచ్చెటోడు మళ్ల పైసలెందుకు అడుగుతడు మేడమ్? నాకు గక్కడ డౌటొచ్చింది. మీరు గూడ వాడి మనిషేనా, కాదా? మొకం మీదనే అడుగుదమని వచ్చిన."

"కాదమ్మా. కానీ నంబరిచ్చింది నేనే," అన్నాను. ఎందుకిచ్చానో చెప్పాను. ఆ పిల్ల నమ్మిందో లేదో మొహం చూస్తే తెలియలేదు. "అయితె పోలీస్ స్టేషన్‌కి నడుండ్రి," అంది.

పిండికట్టు ఇంకా తీయలేదు. మావారి భుజం పట్టుకుని ఆటో ఎక్కాను. ఠాణాలో కానిస్టేబుల్ మేము చెప్పిందంతా విని, అమ్మాయి తెచ్చిన మెయిలు కాగితం రెండుసార్లు చదివాడు.

"ఈ నంబరు ఎవరిదమ్మా?"

"మాదే."

"పైసలు కట్టుమన్నది ఎవరు?"

అమ్మాయి నా వైపు చూసింది. "నేనే చెప్పాను. కానీ రేషన్ కార్డనుకుని," అన్నాను.

"మరి రెండోసారి పైసలడిగినోనికి వీళ్ల నంబరు ఇచ్చిందెవరు?"

"అదీ నేనే."

అతను పెన్ను కింద పెట్టాడు. "ఏందమ్మా, నాకు సమజైతలేదు. మరి కంప్లైంటు ఎవరి మీద రాయాలె?"

పూలాయనే ముందు నోరు విప్పాడు. "ఈ మేడమ్ మీద కాదు సార్. ఈమెకు గూడ ఏం తెల్వదు," అన్నాడు. నన్ను కాపాడాడో, నా తెలివి గురించి ఉన్నమాట చెప్పాడో కానీ, కానిస్టేబుల్ మళ్లీ పెన్ను తీశాడు. డబ్బు వేసిన ఖాతా నంబరు, ఆ సెల్ నంబరు రాసుకున్నాడు. ఖాతా ఎవరో కూలీ మనిషి కాగితాలతో తెరిచిందని నెల తర్వాత తెలిసింది. మెయిలు పంపినవాడు దొరకలేదు. ఆ డబ్బూ తిరిగి రాలేదు. సగం నేనిస్తానంటే పూలాయన ఒప్పుకోలేదు. ఇస్తే నేను తప్పు ఒప్పుకున్నట్టవుతుందని మావారూ వద్దన్నారు. అందుకే ఇవ్వలేదు. ఇచ్చి ఉండాల్సిందేమో. మేము టెలిఫోన్ వాళ్లకు అర్జీ పెట్టుకుని నంబరు మార్పించుకున్నాం. కొత్త నంబరు ఆ అమ్మాయికి మాత్రం నేనే చెప్పాను.

రెండేళ్లకు కాబోలు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. నయాపూల్ దగ్గర ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో కౌంటరులో చేరిందట. రిపోర్టులు తయారయ్యాక ఇళ్లకు ఫోన్లు చేసి చెప్పాలి.

"మందికి ఫోన్ చేస్తె నమ్ముతలేరు మేడమ్. బకాయి కట్టి తీస్కపోండ్రి అంటే, నువ్వెవరు, పైసలెందుకు అని లొల్లి పెడుతున్రు. నేను మంచిదాన్నే అని ఎట్ల చెప్పాలె?"

"పేరు చెప్పు. సెంటరు పేరు చెప్పు. అనుమానముంటే వాళ్లనే తిరిగి ఫోన్ చేయమను," అన్నాను.

"ఏ నంబరుకు చేయాల్నో గది గూడ నేనే చెప్తా గద మేడమ్. దొంగ గూడ గట్లనే చెప్తడు."

నిజమే. ఏం చెప్పాలో తోచక, రేపు చెప్తానని పెట్టేశాను. రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు టెలిఫోన్ డైరెక్టరీలో నంబరు వెతికి, నేనే సెంటరుకు ఫోన్ చేసి, "నువ్వు నంబరు చెప్పొద్దు. మొదటి రోజు వాళ్లకిచ్చిన రసీదు మీద ఉంటుంది కదా, అది చూసుకుని చేయమను," అన్నాను.



"మాట్లాడేది మీరేనా మేడమ్?" అంది ఆ అమ్మాయి. "మా సెంటరు నంబరు మీకెట్ల తెలుసు?"