వాడేవారి సంఖ్య: ఒకటి

పోయిన నెల కడపలో మా చెల్లెలి మనవరాలి పెళ్ళికి వెళ్ళి, రెండో బంతి భోజనాల కోసం కాచుకుని కూర్చున్నప్పుడు, పెళ్ళికూతురి తమ్ముడు నా పక్కన కుర్చీ లాక్కుని సెల్‌ఫోనులో ఒక ఫోటో చూపించాడు. తల పూర్తిగా నెరిసిన ఒక పెద్దావిడ, కింద ఇంగ్లీషులో నాలుగు పేరాల వార్త. "తాతా, ఈయమ్మ మలేషియాలో మంత్రి పని చేసిందంట, పోయిన వారం చనిపోయింది. మన కోయిలకుంట్ల ఆమేనంట గదా?" అన్నాడు. కళ్ళజోడు సవరించుకుని చదివాను. న్యాయవాది, తోట కూలీల తరఫున ఎన్నో కేసులు గెలిచినవారు, రెండుసార్లు రాష్ట్ర శాసనసభకు, మూడుసార్లు పార్లమెంటుకు ఎన్నికైనవారు, కొంతకాలం ఉపమంత్రి. చివరి పేరాలో ఒకే ఒక్క వాక్యం ఉంది: యౌవనంలో ఆంధ్రదేశంలో కొన్నాళ్ళు ప్రాక్టీసు చేసి, అనారోగ్యం వల్ల మానుకున్నారని. ఆ అనారోగ్యం వెనుక ఎవరున్నారో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ఆ మాట పెళ్ళింట్లో కుర్రవాడితో చెప్పలేక, అవునప్పా మనవాళ్ళే అని ఫోను తిరిగి ఇచ్చేశాను.

ఆమె నాకు వదిన. అన్న భార్య కాదు, మేనత్త కూతురు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మా మామ మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, ఒక రబ్బరు తోటలో గుమాస్తాగా ఉండేవాడు. వదిన అక్కడే పుట్టి, యుద్ధం ఆ దేశానికి పాకకముందే తల్లితో ఓడెక్కి వచ్చి, కోయిలకుంట్లలో మా ఇంట్లోనే పెరిగింది. మామ మాత్రం అక్కడే చిక్కుకుపోయాడు. యుద్ధం అయ్యాక వచ్చేయమని ఆయన ఎన్ని ఉత్తరాలు రాసినా వదిన కదలలేదు. మద్రాసులో లా చదివి వచ్చి, మా ప్రాంతంలోనే ఒక మునసబు కోర్టులో ప్లీడరుగా పేరు నమోదు చేసుకుంది. ఆ ఊరి పేరు రాయను, ఎందుకంటే తప్పు ఆ ఊరిది కాదు.

కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి, గాలిదుమారం వస్తే ఫైళ్ళ కోసం గుమాస్తాలు మైదానమంతా పరుగెత్తేవారు, సిమెంటు బస్తా కావాలంటే పర్మిట్టు కావాలి. నేను అప్పుడే ఇంజనీరింగు స్కూలు నుంచి డిప్లొమా పుచ్చుకుని వచ్చి, మరమ్మతులూ కట్టడాలూ చూసే శాఖలో సూపర్‌వైజరుగా చేరాను. చిన్నప్పటి నుంచీ నాకు పట్టీలు రాసుకునే అలవాటు. రాయచోటికి ఒక పూట ప్రయాణమైనా, సంచిలో పెట్టవలసిన వస్తువులకు వరుస సంఖ్యలు వేసుకునేవాణ్ణి, మా అమ్మ చూసి నవ్వేది. ఆ అలవాటునే నేను నిజాయితీ అనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు, ఎంత ఉంటే అంత, అంగుళం తేడా లేకుండా రాసేవాడు మంచివాడని నా నమ్మకం.

వదిన పనిచేసే కోర్టుకు కొత్తగా ప్లీడర్ల గదులు కట్టే పని నాకు పడింది. పాతది రేకుల షెడ్డు. మగవాళ్ళు ప్రహరీ వెనుక కంపచెట్ల చాటుకు వెళ్ళి వచ్చేవాళ్ళు. ఆ కోర్టు మొత్తానికి ఏకైక స్త్రీ అయిన మా వదిన మాత్రం మధ్యాహ్నం కోర్టు లేచాక, నల్ల కోటు మడిచి చేతిమీద వేసుకుని, ఎండలో బజారు దాటి, కోర్టు జప్తులు చూసే అమీనాగారి ఇంటికి నడిచి వెళ్ళేది. ఎంత దూరమని ఒకసారి నేనే అడుగులు లెక్కపెట్టాను: ఆరువందల నలభై. అమీనా భార్య ఆమెను బేటీ అని పిలిచి, కాళ్ళకు నీళ్ళిచ్చి, పెరటి తలుపు తీసి పెట్టేది. అమీనాకు బదిలీ అయ్యాక ఆ తలుపూ మూతపడింది. అప్పటి నుంచి వదిన పొద్దున కాఫీ మానేసింది, తరువాత నీళ్ళు మానేసింది, సాయంత్రం ఐదుకు గదికి చేరేదాకా అలాగే ఉండేది. మన ప్రాంతపు ఎండల్లో అలా ఉండడమంటే ఏమిటో ఈ వయసులో, అరగంటకొకసారి లేవవలసి వచ్చే నాబోటి వాళ్ళకు చెప్పనక్కరలేదు.

నేను ఆ గదుల నక్షా గీస్తున్నానని తెలిసి, వదిన ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, బల్ల పక్కన నిలబడి చాలాసేపు చూసింది. తరువాత ఒక మూలన వేలు పెట్టి, "ఏమప్పా మరిదీ, ఇన్ని గీతలు గీసినావే, నాకొక నాలుగు గీతలు గియ్యలేవా?" అంది. వకీలమ్మకు మేడ కావాలేమో అని నేను వేళాకోళమాడాను. "మేడ నీ పెండ్లానికి కట్టుకోప్పా. నాకు గడియ ఉండే తలుపొకటి, తొట్టిలో నీళ్ళు ఉంటే సాలు" అంది. నేను సంతోషంగానే గీశాను. పది అడుగులకు ఎనిమిది అడుగుల గది, వెనుక మరుగుదొడ్డి, విడిగా గుమ్మం. పట్టీలో అది పదకొండో అంశం.

చిక్కు ఆ పట్టీ చివరి గడిలో వచ్చింది. ప్రతి అంశానికీ ఎదురుగా వాడేవారి సంఖ్య రాయాలి. వదిన వంగి చూసి, పది అని రాయమంది.

"పదిమంది యాడుండారు వదినా? నువ్వొక్కదానివే గదా ఉండేది."

"గది ఉంటే వస్తారు. చదువుకునే పిల్లోళ్ళు శానామంది ఉండారు మన దిక్కు. బాయి తవ్వకముందే నీళ్ళెన్ని కడవలో లెక్క రాస్తాండారా మీ ఆఫీసులో?"

నేను సరేనన్నాను. ఆమె నమ్మి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక కలం పట్టుకుని ఆ గడి ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకిప్పటికీ గుర్తుంది. లేని తొమ్మిదిమందిని ఉన్నారని సర్కారు కాగితం మీద ఎలా రాయడం? పైవాళ్ళు వచ్చి లెక్క అడిగితే పేర్లు చెప్పగలనా? పైగా ఆమె నా బంధువు, బంధుప్రీతి అంటారేమోనన్న భయం ఒకటి. ఒకటి అని రాశాను. నిజమే రాశాను.

తనిఖీకి వచ్చిన ఇంజనీరుగారు మంచివారే. సిమెంటు చాలదు, ఏదో ఒక అంశం తీసేయక తప్పదన్నారు. ఎర్ర పెన్సిలు పట్టీ మీద కిందికి జారుతూ వచ్చి, పదకొండో అంశం దగ్గర ఆగింది. ఒక్కరి కోసమా అని అడిగారు. ఒక్కరేనండి అన్నాను. మీకేమైనా అభ్యంతరమా అని కూడా అడిగారు, అది ఆయన మర్యాద. లేదండి అన్నాను. ఇంటికి వచ్చి ఎన్నోసార్లు ఆ సంభాషణ మళ్ళీ నడిపించుకుని చూశాను. సార్, ఆమె పొద్దుటి నుంచి నీళ్ళు తాగదు అన్న ఒక్క మాట నేను ఆయనతో అని ఉంటే చాలు. అది ఏ గడిలోనూ పట్టే మాట కాదు కాబట్టి నాకు తోచలేదు. ఆ స్థలంలో సైకిళ్ళ షెడ్డు వచ్చింది. సైకిళ్ళ సంఖ్య పద్నాలుగు, అదీ నేనే లెక్కపెట్టాను.

కట్టడం లేచాక వదిన చూసి, నా గదిలో ఎన్ని సైకిళ్ళు పడతాయప్పా అని అడిగింది. నేను మూర్ఖుడిలా పద్నాలుగు అని చెప్పాను. ఆమె నవ్వింది. నవ్వి, మామూలు గొంతుతో, "పది అనే రాసినావు గదా?" అంది.

"రాసినా వదినా" అన్నాను.

సర్కారు కాగితం మీద అబద్ధం రాయలేనివాణ్ణి, ఎదురుగా నిలబడిన మనిషితో రెండు మాటల్లో చెప్పేశాను. ఆమె ఆ షెడ్డు వైపు చూస్తూ, "అంటే పదిమంది వస్తారన్నా కూడా వద్దన్నారన్న మాట" అంది.

ఆ వేసవిలో, కోర్టుకు సెలవులు ఇచ్చే ముందు, కోడుమూరు వైపు నుంచి వచ్చిన ఒక వితంతువు పొలం కేసులో వదిన మూడు గంటలపాటు వాదించింది. నేను ఏదో బిల్లు పని మీద వెళ్ళి వెనుక నిలబడి ఉన్నాను. మధ్యలో పది నిమిషాల వ్యవధి కావాలని ఆమె మునసబుగారిని అడిగింది. ఎదుటి పక్షం ప్లీడరు, వయసు మళ్ళిన మనిషి, "ఏమ్మా, సరుకు అయిపోయినట్టుండాదే" అన్నాడు. నలుగురూ నవ్వారు. వదిన కోటు సర్దుకుని, వ్యవధి అక్కరలేదని చెప్పి, మళ్ళీ మొదలుపెట్టింది. కేసు ముగించే కూర్చుంది. కూర్చున్నాక లేవలేకపోయింది. ఒళ్ళు కాలిపోతోంది.

కర్నూలు ఆసుపత్రిలో నెలకు పైగా ఉంది. జబ్బు మూత్రపిండాల దాకా ఎక్కిందన్నారు. ఇన్ని గంటలు నీళ్ళు తాగకుండా ఎవరుండమన్నారమ్మా నిన్ను అని డాక్టరుగారు కోప్పడుతుంటే, మంచం కాళ్ళ దగ్గర నిలబడిన నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఇలాగే సాగితే ప్రాణం మీదికి వస్తుందని ఆయన చెప్పేశారు. అయినా ఆమెకు మళ్ళీ కోర్టుకు పోవాలనే ఉండేది. ఎక్కడికి పోవాలి, ఆ తలుపు లేని చోటికే గదా అని మా అత్త ఏడ్చినప్పుడు మాత్రం, "నేనొక్కదాన్నయితే కొట్లాడి సాధించేదాన్నిమా. పదిమందికే తావు లేదన్నోళ్ళతో ఏమి కొట్లాడేది?" అంది. అప్పుడు చెప్పవలసింది. వదినా, వాళ్ళు పదిమందిని కాదనలేదు, నేను ఒకరినే చెప్పాను అని. చెప్పలేదు. చెబితే ఆమె ఉండిపోయేదేమో. ఉండి, పోట్లాడి, ఇంకో అర్జీ పెట్టి, సైకిళ్ళను బయటికి తోయించేదేమో. ఆమె స్వభావం అలాంటిది.

మలయాకు స్వతంత్రం వచ్చిన ఏడాదే ఆమె వెళ్ళిపోయింది. కడప స్టేషనులో మద్రాసు రైలెక్కించాను. అక్కడ మన పట్టా చెల్లదని, మళ్ళీ లండను పోయి, తనకంటే ఎంతో చిన్నవాళ్ళ మధ్య కూర్చుని పరీక్షలు రాసింది. తరువాత సంగతులన్నీ ఉత్తరాల్లో తెలిసేవి: తోటల్లో కూలీల ఇళ్ళు ఖాళీ చేయించకుండా ఆపిన కేసు, మొదటి ఎన్నికలో ఓటమి, రెండోదానిలో గెలుపు. ఏ ఉత్తరంలోనూ నామీద నిష్ఠూరం లేదు. ఉండడానికి ఆమెకు తెలిస్తే గదా.

పార్లమెంటు సభ్యురాలయ్యాక ఒకసారి కోయిలకుంట్లకు వచ్చింది. బడిలో సభ పెట్టారు. తెలుగు ఏమాత్రం మరవలేదు, మన యాస అసలే మరవలేదు. తన జీవితం గురించి చెబుతూ, "పదిమంది ఆడోళ్ళకు ఒక గది అడిగితే లేదన్న కాలమది. మా మరిది సిన్నోడైనా ధైర్యంగా కాయితం మీద పది అని రాసి పంపినాడు. ఆ ఒక్కడన్నా మాపక్క నిలబడినాడు" అని నన్ను చూపించింది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో నన్ను లేపి వేదిక మీదికి తోశారు. ఆమె తన మెడలోని దండ తీసి నా మెడలో వేసింది. బంతిపూల దండ, తడి ఇంకా ఆరలేదు. నేను చేతులు జోడించి నిలబడ్డాను. ఆ తరువాత మూడు రోజులు ఆమె మా ఇంట్లోనే ఉంది, చెప్పడానికి మూడు రోజులూ ఉన్నాయి. దండ వేయించుకున్నాక చెప్పడం ఇంకా కష్టమైంది.

ఆ దెబ్బతో బుద్ధి వచ్చి, తరువాత నేను కట్టించిన ప్రతి కట్టడంలోనూ ఆడవాళ్ళకు గది పెట్టానని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. పెట్టలేదు. రెండు చోట్ల పెట్టాను, అదీ ఎవరో అడిగితే.

ఆమె వెళ్ళడమే మంచిదయిందని, ఉండి ఉంటే చిన్న ఊరి ప్లీడరుగా మిగిలిపోయేదని మా వాళ్ళు అంటారు. నన్ను ఓదార్చడానికి కాదు, వాళ్ళకు సంగతి తెలియదు. ఆమె విషయంలో అది నిజమే కావచ్చు. ఆమె ఎక్కడున్నా ఎదిగే మనిషి. నన్ను పీడించేది వేరే. నేను ఆ ఊరి నుంచి బదిలీ అయ్యేదాకా ఆ కోర్టుకు మరో ఆడ ప్లీడరు రాలేదు. రాలేదు కాబట్టి నా లెక్క సరైనదే అయింది. దాన్ని సరైనదిగా చేసింది ఆ లెక్కేనని అర్థం కావడానికి నాకు సగం జీవితం పట్టింది.

ఇప్పుడు కాలం మారింది. సిమెంటుకు పర్మిట్టు లేదు, ఏ కోర్టు ముందు చూసినా నల్ల కోట్లలో ఆడపిల్లలు ఫైళ్ళు గుండెలకు హత్తుకుని స్కూటర్లు దిగుతున్నారు, ఎంతమంది వస్తారని ముందుగా ఎవరూ వాళ్ళను అడగడం లేదు. చూసి సంతోషిస్తాను. కాని వీళ్ళకంటే ముందు రావలసినవాళ్ళు తొమ్మిదిమంది ఉండేవారు. కోయిలకుంట్లలోనో, రాయచోటిలోనో, కోడుమూరులోనో చదువు మధ్యలో ఆపుకుని, పిల్లల్ని పెంచి, ఈపాటికి నాలాగే ముసలివాళ్ళయి ఉంటారు, కొందరు పోయి కూడా ఉంటారు. ఆ రోజు నేను రాయనందువల్ల వాళ్ళెవరో నాకు తెలియదు. తమకు రావలసినది ఒకటి ఉండేదని వాళ్ళకూ తెలియదు.